తవుడు నూనె బయానా

ఆ గురువారం పొద్దున నారప వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి స్నానం, ఎనిమిదింటికి ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు, పదింటికి బ్యాంకు. బ్యాంకులో ఒక ఫారం ఇచ్చి ముద్ర వేయించుకుని, ఎండ ముదరక ముందే బళ్లారి సత్యనారాయణపేటలో ఇంటికి తిరిగొచ్చి, భోంచేసి ఫ్యాను కింద పడుకోవాలి. ఆ ఫారం నిన్న సాయంత్రమే నింపి, నాలుగు మడతలు పెట్టి, తెల్ల చొక్కా పై జేబులో పెన్ను పక్కన పెట్టుకున్నాడు. జేబుకు గుండీ కూడా పెట్టాడు. ఇంత జాగ్రత్తపరుడు లారీల దగ్గర ఎందుకలా మునిగాడో అని అడిగేవాళ్లు పేటలో ఇంకా ఉన్నారు.

ఆ లారీల సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. పదిహేనేళ్ల కిందట ఇనుప ఖనిజం జోరుగా కదిలే రోజుల్లో నారపకు నాలుగు లారీలుండేవి. తను కొన్నవి చాలవన్నట్టు, భార్య నాగలక్ష్మమ్మ తమ్ముడు జగదీశ్‌ను కంప్లి నుంచి పిలిపించి, కాలువ కింద ఎకరంన్నర మాగాణి అమ్మించి, వాడి చేత కూడా ఒక లారీ కొనిపించాడు. ఏడు నెలలు తిరగకముందే గనులు మూతపడ్డాయి. లారీ జగదీశ్ ఇంటి ముందు నిలిచిపోయింది, టైర్ల చుట్టూ గడ్డి మొలిచింది. జగదీశ్ గొడవ పెట్టుకోలేదు. పెట్టుకున్నా బాగుండేది. అక్క ఇంటికి వస్తాడు, అన్నం తింటాడు, బావ ఏదైనా సలహా చెప్పబోతే మాత్రం తలెత్తి ఫ్యాను వైపు చూస్తాడు. ఆ చూపు నారపను పదిహేనేళ్లుగా తింటూనే ఉంది. ఒక్కసారైనా వాడి నోట "బావా, నువ్వు చెప్పింది నిజమే" అనిపించుకోవాలి. అరవై దాటిన మనిషికి మిగిలిన ఆశ అదొక్కటే.

లారీలు అమ్మగా మిగిలిన దాంతో నారప షేర్లు నేర్చుకున్నాడు. పెద్ద కంపెనీల జోలికి పోడు. వెళ్లి కళ్లారా చూడగలిగిన చిన్న కంపెనీలే అతనికి ఇష్టం. వాటిలో ముద్దులది హేమగిరి తవుడు నూనె కంపెనీ. దేశనూరు దారిలో ఫ్యాక్టరీ. చుట్టుపక్కల రైసు మిల్లుల తవుడంతా అక్కడికే పోతుంది. అతని దగ్గర దానివి రెండు వేల షేర్లున్నాయి.

ఆ కంపెనీ కొత్త బాయిలరు పెట్టాలని రైట్స్ ఇష్యూ తెచ్చింది. రెండు పాత షేర్లున్న వాళ్లకు ఒక కొత్త షేరు, ముప్పై రూపాయలకు. బజారు ధర ముప్పై ఎనిమిది. వద్దనుకున్న వాళ్లు ఆ హక్కును ఇంకొకరికి అమ్ముకోవచ్చు, ఆ హక్కు ఆరు రూపాయలు పలుకుతోంది. కొన్నవాళ్లు గడువులోగా ముప్పై కట్టి షేరు తీసుకోవాలి, లేకపోతే హక్కు చచ్చిపోతుంది. ఇది చాలదన్నట్టు ఓనరు తన పేరున వారంట్లు కూడా తీసుకున్నాడు. షేరు నలభైకని ధర ఖాయం చేసుకుని, ఇప్పుడు పావు వంతు కట్టి, మిగతాది పద్దెనిమిది నెలల్లో ఎప్పుడైనా కట్టవచ్చు. కట్టకపోతే ఆ పావు పోతుంది.

పదిహేను రోజుల కిందట ఒక సాయంత్రం ఇంటి ముందు అరుగు మీద నారప ఇదంతా ముగ్గురికి వివరించాడు. ఒకరు పక్కవీధిలో జొన్నరొట్టెలు కాల్చి హోటళ్లకు వేసే హొన్నూరమ్మ. ఇంకొకరు రిటైరైన బస్సు కండక్టరు హులిగెప్ప. మూడో మనిషి, పని మీద ఊళ్లోకి వచ్చిన జగదీశ్.

"పొలం అమ్మేటప్పుడు బయటోళ్లకు చెప్పకముందు అన్నదమ్ములను అడుగుతారు గదా, రైట్సంటే అంతేప్పా" అన్నాడు నారప.

"మల్ల ఓనరుది వారంటు అంటివే, అదేంది?" అన్నాడు హులిగెప్ప.

"అది బయానా మాదిరి. పావు ఇచ్చి అగ్రిమెంటు రాయించుకున్యాడు. పద్దెనిమిది నెలలు టైముండాది."

బయానా అనే మాట చెవిన పడగానే ముగ్గురి ముఖాలూ వికసించాయి. బళ్లారి జిల్లాలో బయానా తెలియని మనిషి ఉండడు. సైటుకైనా పొలానికైనా ఇంత చేతిలో పెట్టి కాగితం రాయించుకుంటే అది ఇక తనదే. కాగితం మీద మూడు నెలలని రాసినా, ముందు పంట రావాలి, తర్వాత చెల్లెలి పెళ్లి కావాలి, ఆ తర్వాత శ్రావణం రావాలి. అమ్మేవాడూ కొనేవాడూ కలిసి టీ తాగి తేదీ దిద్దుకుంటూ మూడేళ్లు గడిపేస్తారు. ఆరు రూపాయల హక్కు సంగతీ, దాని గడువు సంగతీ నారప తర్వాత చెప్పాడు. చెప్పలేదని ఎవరూ అనలేరు. కానీ అప్పటికి వినేవాళ్లు తమ మనసులో బయానా ఇచ్చేసి లేచారు. అరుగు మీద ఫ్యాను లేదు గనుక జగదీశ్ ఆకాశం వైపు చూశాడు.

నారప మాత్రం గడువుకు ముందు రోజు దాకా ఆలోచిస్తూనే ఉన్నాడు. మూడు రోజులు స్కూటరు మీద దేశనూరు దారికి వెళ్లి, ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా టీ అంగట్లో కూర్చుని, లోపలికి పోయే తవుడు లారీలు లెక్కపెట్టాడు. నలభై ఒకటి, ముప్పై ఎనిమిది, నలభై నాలుగు. స్ప్రింగులు ఎంత కుంగాయో చూసి ఎన్ని టన్నులో చెప్పగల మనిషి. ఒక్క సందేహం మాత్రం మిగిలింది. మనల్ని పూర్తిగా కట్టమని, ఓనరు తను పావే కడతాడేమి? దానికి అతనే ఒక జవాబు వెతుక్కున్నాడు. మనం ముప్పై కడితే వాడు నలభై కడుతున్నాడు, నమ్మకం లేకపోతే కడతాడా! జవాబు బాగానే కుదిరింది. తన వంతు వెయ్యి షేర్లకు ఫారం నింపేశాడు.

ఇక గురువారానికి వద్దాం. రెండో బజ్జీ చేతిలో ఉండగా హొన్నూరమ్మ రొట్టెల గంపతో వచ్చింది.

"అన్నా, రొట్టెలు ఈడ పెట్టినా. మల్ల ఒక మాట. నేను గూడా బయానా కట్టినా."

"సంతోషమమ్మా. యాడ, సైటా?"

"సైటు యాడిది? నీ తవుడు నూనెకు. ఇన్నూరు. మా పాప మేఘ ఫోన్లో కొనిచ్చింది, ఆరు రూపాయల్లెక్కన. మిగిలింది దసరా అయినంక నిదానంగా కడతాలే."

నారప చేతిలోని బజ్జీ పళ్లెంలో పడింది. "దసరా ఏంది తల్లీ! ఈ పొద్దు మూడు గంటలకే ఆఖరు!"

"పద్దెనిమిది నెలలంటివే?"

"అది ఓనరుకమ్మా!"

"అదేందన్నా, ఓనరుకొక న్యాయం, రొట్టెలు కాల్చేదానికొక న్యాయమా?"

నారప పళ్లెం తోసి లేచాడు. పోనీ అమ్ముకుందామన్నా హక్కులు అమ్మే గడువు నాలుగు రోజుల కిందటే ముగిసింది. చెప్పులు వేసుకుంటుంటే ఆమె వెనక నుంచి నెమ్మదిగా అంది, "హులిగెప్పన్న గూడా కొన్యాడు. నీకు చెప్పొద్దన్యాడు."

హులిగెప్ప మంగలి కుర్చీలో సగం గడ్డంతో దొరికాడు. ఐదు వందల హక్కులు కొన్నాడట. "ఏం చెప్పమంటావప్పా? ఇన్నేండ్లు నిన్ను చూసి నగినోళ్లం. నీ మాట విని కొన్యామంటే పేటలో మర్యాద ఉంటాదా?" అని, సబ్బు తుడుచుకుంటూ ఇంకో మాట అన్నాడు. "నన్ను అనేది కాదు. నీ బావమరిది మూడు వేలు కొన్యాడు."

నారప అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు. జగదీశ్ కొన్నాడు! పైకి ఆకాశం చూసినవాడు లోపల తన మాట విన్నాడు! పదిహేనేళ్లకు విన్నాడు! సంతోషంతో కళ్లు చెమ్మగిల్లాయి. వెంటనే లెక్క కూడా గుర్తొచ్చింది. మూడింటిలోగా తొంభై వేలు కట్టకపోతే, హక్కులకు పోసిన పద్దెనిమిది వేలు బూడిదే. మొదటిసారి లారీ, రెండోసారి తవుడు. మూడోసారి చెప్పడానికి బావమరిది గడప దాటి లోపలికి రానివ్వడు.

ఫోన్లో ఆ మూడు వేల సంగతి ఎత్తగానే జగదీశ్ అడిగిన మొదటి మాట, "నీకెవరు చెప్పినారు బావా?"

"ఎవరు చెప్తే ఏంది? నువ్వు బిన్న బయలుదేరి రా. మూడు లోపల కట్టల్ల."

"తొందరేముండాది, బయానా ఇచ్చిండాం గదా. లారీ కొనేటప్పుడు గూడా నువ్వు ఇట్లే అంటివి, సాయంత్రంలోపల అడ్వాన్సు కట్టకుంటే ఇంకొకడు తోలుకపోతాడని." తర్వాత గొంతు మారింది. "ఒక్కటి చెప్పు. నేను కట్టకుంటే నా వంతు ఎవరికి పోతాది?"

ఇక్కడ తెలివైనవాడు దగ్గి ఊరుకుంటాడు. నారప నిజం చెప్పాడు. "మిగిలినవి, ఎక్కువ కావాలని అడిగిన పాత షేరుదార్లకు పోతాయప్పా."

"అంటే నీకు."

"నేను ఎక్కువ అడగలేదురా!"

"సరే బావా" అని జగదీశ్ ఫోను పెట్టేశాడు.

నారప ఇంటికి పరిగెత్తి ఫోను భార్య చేతికిచ్చాడు. నాగలక్ష్మమ్మ పప్పు రుబ్బుతున్న చెయ్యి కూడా కడుక్కోకుండా తమ్ముడితో మాట్లాడింది. "రేయ్ జగ్గా, చెప్పులేసుకో. మీ బావ తప్పు చెప్తాడు, ఎన్నిసార్లయినా చెప్తాడు. అబద్ధం మాత్రం చెప్పడు. బయలుదేరు." జగదీశ్ బయలుదేరాడు. నారపకు ఆ మాటల్లో మొదటి సగం నచ్చలేదు గానీ, తీరిగ్గా బాధపడేందుకు టైము లేదు.

బ్యాంకులో ఈ ఫారాలు తీసుకునే ఆఫీసరు రాజశ్రీ. మర్యాదస్తురాలు, కానీ ఒక్క గీత తప్పినా ఫారం వెనక్కి ఇస్తుంది. హొన్నూరమ్మ ఆరు వేలు ముందు అకౌంట్లో జమ చేయాలి. ఆ డబ్బు జొన్నపిండి డబ్బాలో దాచిన పది, ఇరవై రూపాయల నోట్లు. లెక్కించే మిషను రెండు కట్టలు మింగి, పిండి దుమ్ముకు దగ్గి, ఆగిపోయింది. క్యాషియరు చేత్తో లెక్కపెట్టేసరికి పన్నెండు దాటింది. హులిగెప్పది సంతకం గొడవ. అకౌంటు తెరిచినప్పుడు కన్నడలో చేశాడు, రిటైరయ్యాక ఇంగ్లీషుకు మారాడు. పాత సంతకం గుర్తు తెచ్చుకోడానికి నాలుగు కాగితాలు ఖరాబు చేశాడు. నారప జిరాక్సు అంగడికి మూడుసార్లు పరిగెత్తాడు, నంబర్లు చదివి చెప్పాడు, గడులు నింపాడు. ఎవరికి పెన్ను కావాలన్నా జేబు గుండీ విప్పి తనదే ఇచ్చాడు, తిరిగి పెట్టుకుని గుండీ పెట్టాడు. ఒకటింబావుకు ఇద్దరివీ ముద్రలు పడ్డాయి.

ఒకటీ నలభైకి జగదీశ్ వచ్చాడు. పాసుపుస్తకం తెచ్చాడు, తొంభై వేలు అకౌంట్లో ఉన్నాయి, సంతకం సరిపోతుంది. ఫారం నింపి ముందు పెడితే పెన్ను కింద పెట్టాడు.

"ఒకటిన్నర దాటె బావా. రాహుకాలం. మూడు దాకా సంతకం పెట్టను."

"మూడుకు కౌంటరు మూస్తారురా!"

"మూస్తే మూయనీ. బయానా ఎప్పుడైనా ఇస్తాం. రిజిస్ట్రేషన్ రాహుకాలంలో చేసినోళ్లను నువ్వు చూసిండావా? లారీ పేపర్ల మీద రాహుకాలంలోనే సంతకం పెట్టించినావు. మర్చిపోయినాననుకుంటివా?"

నారప ఆ రోజును గుర్తు చేసుకున్నాడు. ఆ రోజు మంగళవారం, సాయంత్రం నాలుగు. నిజమే. పదిహేనేళ్లుగా వాడు ఫ్యాను వైపు చూసినప్పుడల్లా చూస్తున్నది ఆ నాలుగు గంటల రాహుకాలాన్నేనని అప్పుడు తెలిసింది. ఎదురుగా బ్యాంకు గడియారం రెండు దాటింది, రెండుంబావు దాటింది. హొన్నూరమ్మ బతిమాలింది. హులిగెప్ప కండక్టరు గొంతుతో కసిరాడు. జగదీశ్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రెండూ నలభైకి నారపకు ఒక ఆలోచన వచ్చింది.

"రాజశ్రీ మేడమ్, వీడు సంతకం పెడితే డబ్బు ఈ పొద్దే పోతాదా?"

"పోదు సార్. షేర్లు కేటాయించే రోజు దాకా ఆయన అకౌంట్లోనే ఉంటుంది. వాడుకోకుండా ఆపి పెడతాం, అంతే."

"ఇన్నావారా? ఎద్దు నీ కొట్టంలో గాటిపాటనే ఉంటాది, పలుపు మాత్రం వేస్తారు. తోలుకపోయేది వచ్చే వారం. అసలు రిజిస్ట్రేషన్ ఆ పొద్దు. దానికీ రాహుకాలానికీ ఏం సంబంధం?"

జగదీశ్ ఆలోచించాడు. గాటిపాట దగ్గర కొంచెం మెత్తబడ్డాడు. రాజశ్రీ వైపు చూశాడు, ఆమె తల ఊపింది. రెండూ యాభై రెండుకు సంతకం పెట్టాడు. రెండూ యాభై ఆరుకు ముద్ర పడింది.

"ఇంకెవరివైనా ఉన్నాయా సార్? మూసేస్తున్నా" అంది రాజశ్రీ.

నారప వెనక్కి తిరిగి చూశాడు. హొన్నూరమ్మ ఒకటి, హులిగెప్ప రెండు, జగదీశ్ మూడు. ఛాతీ పొంగింది. "లేవు మేడమ్. అందరివీ అయిపాయ."

బ్యాంకు పక్కన టీ అంగట్లో నలుగురూ కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనం ఎవరికీ లేదు, అయినా ఆ టీ అమృతంలా ఉంది. జగదీశ్ సగం తాగి, గ్లాసు లోపలికి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "బావా, నువ్వు చెప్పింది నిజమే. రాకపోయుంటే నా పద్దెనిమిది వేలు పోతుండె."

ఆ మాట! నారప టీ డబ్బులు తనే ఇస్తానని లేచి, జేబు గుండీ విప్పి, చెయ్యి పెట్టాడు. డబ్బుకు ముందు నాలుగు మడతల కాగితం చేతికి తగిలింది.

మూడూ పది అయింది. "ఉండండప్పా, ఇప్పుడే వస్తా" అని బ్యాంకుకు పరిగెత్తాడు. సగం దించిన షట్టరు కింద వంగి చూస్తే రాజశ్రీ బ్యాగు సర్దుకుంటోంది. సిస్టం మూసేశాక తన చేతిలో ఏమీ లేదని నిజంగానే బాధపడుతూ చెప్పింది. అతను వెనక్కి వచ్చాక హులిగెప్ప అడిగాడు, "ఏందప్పా అట్ల ఉరికితివి?"

ఇప్పుడే మొదటిసారి "నిజమే" అనిపించుకున్న నోటితో, అందరి ఫారాలూ ఇప్పించి నాది మర్చిపోయినానని ఎలా చెప్తాడు? "పెన్ను మర్చిపోయింటి" అన్నాడు. జీవితంలో నారప ఆడిన అబద్ధాలు ఎన్నో తెలియదు గానీ, ఇంత చిన్నది మాత్రం ఇంకొకటి ఉండదు.

మరునాడు చొక్కా ఉతకబోతూ నాగలక్ష్మమ్మ ఆ ఫారం చూసింది. మొగుడి ముఖం చూసి, ఆ రోజు ఆయనకిష్టమని గుత్తివంకాయ చేసింది.

ముగ్గురికీ షేర్లు వచ్చాయి. నీకెన్ని వచ్చాయని అడిగితే నారప ఇక దాచలేక, మర్చిపోయానని చెప్పేశాడు. షేరు నలభై నాలుగుకు పోయింది. అందరూ జాలిపడ్డారు. హొన్నూరమ్మ రెండు రొట్టెలు ఎక్కువ వేసేది. జగదీశ్ కంప్లి నుంచి మామిడిపండ్ల బుట్ట తెచ్చి, "పాపం బావ, మాకోసం తిరిగి తనది పోగొట్టుకున్యాడు" అని అక్కతో అన్నాడు. బావ పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. ఫ్యాను వైపు చూడలేదు. ఆ నాలుగు నెలలు నారప జీవితంలో బంగారం.

తర్వాత బయటి దేశం నుంచి వచ్చే పామాయిలు చవకైంది. తవుడు లారీలు గేట్లోకి పోతూనే ఉన్నాయి, రోజుకు నలభై. లోపలికి పోయేవి లెక్కపెట్టినవాడు, బయటికి వచ్చే నూనె ఎంతకు అమ్ముడవుతుందో లారీ స్ప్రింగుల్లో చూడలేకపోయాడు. షేరు ముప్పై అయింది, ఇరవై ఆరు అయింది, ఇరవై ఒకటి అయింది. సరిగ్గా పద్దెనిమిదో నెలలో, ఓనరు తన వారంట్లకు మిగతా డబ్బు కట్టలేదని పేపర్లో చిన్న వార్త వచ్చింది. ఇరవై ఒకటికి దొరికేదానికి నలభై ఎందుకు కడతాడు? పావు బయానా వదిలేసి తప్పుకున్నాడు.

ఆ ఆదివారం జగదీశ్ వచ్చాడు. తిడతాడని నారప సిద్ధంగా కూర్చున్నాడు. నలభై అయిదు వేలు నష్టం, తిట్టే హక్కుంది. జగదీశ్ తిట్టలేదు. చెప్పులు బయటే విప్పి, ఎన్నడూ లేనిది, రెండు చేతులూ జోడించాడు.

"గొప్పోడివి బావా. ఓనరు కట్టలేదు. నువ్వు కట్టలేదు. లోపలి సంగతి మీ ఇద్దరికే తెలిసింది."

నారప లేచి నిలబడ్డాడు. "రేయ్, నేను మర్చిపోయినారా! నీ రాహుకాలంలో పడి మర్చిపోయినా!"

"ఆ పొద్దు పెన్ను మర్చిపోయినానంటివి. పెన్ను జోబిలోనే ఉండె. హులిగెప్పన్న చూసినాడు."

"నా పాత షేర్లు రెండు వేలు పడలేదా? నాకు నష్టం కాలేదా?"

"అవి పదిమందికి చూపించేదానికి పెట్టుకునిండావు. కొత్తది మాత్రం ఒక్కటి తీసుకోలేదు."

నాగలక్ష్మమ్మ వంటింట్లోంచి వచ్చి, "నేను కండ్లారా చూసినా జగ్గా. నింపిన ఫారం జోబిలోనే ఉండె. పాపం, ఆ పొద్దంతా అన్నం తినలే" అంది.

"చూస్తివా అక్కా, నింపి గూడా ఇయ్యలేదు!" అన్నాడు జగదీశ్. అతని కళ్లల్లో నిజమైన భక్తి ఉంది. తన మాట నమ్మితే చాలని పదిహేనేళ్లు ఎదురుచూసిన మనిషి మాట వదిలేసి, వాడు లేని తెలివికి మొక్కుతున్నాడు. నారప తలెత్తి ఫ్యాను వైపు చూశాడు.

జగదీశ్ లేచి వెళ్తూ జేబులోంచి ఇంకో చిన్న కంపెనీ రైట్స్ కాగితం తీసి బావ ముందు పెట్టాడు. కొనాలో వద్దో చెప్పొద్దన్నాడు. నారప గొంతు సవరించుకుని, ఆ కంపెనీ అప్పులెన్ని, ఓనరు ఎంత పెడుతున్నాడు, ఏవేవి చూసుకోవాలో ఒక్కొక్కటిగా చెప్పాడు. అరగంట చెప్పాడు. జగదీశ్ అంతా ఓపిగ్గా విని, అక్క వైపు తిరిగి, చొక్కాలు ఏ రోజు ఉతుకుతావని అడిగాడు.

సత్యనారాయణపేటలో నారపను ఇప్పుడు సలహా ఎవరూ అడగరు, నాగలక్ష్మమ్మ బట్టలు నానబెట్టే వేళకు మాత్రం ముగ్గురు నలుగురు వచ్చి ఆయన చొక్కా జేబుల వైపు చూస్తూ నిలబడతారు.